కట్టు కట్టే ముందు రసి చూడండి

మందుల షాపులో "దెబ్బ తగిలింది, ఏదైనా ఇవ్వండి" అంటే దూది, ఆయింట్‌మెంటు, టేపు చేతికొస్తాయి. ముందు చూడాల్సింది మాత్రం గాయం ఎంత రసి కారుస్తోందన్నది. బాగా కారే గాయానికి పీల్చే కట్టు కావాలి, ఎండిపోతున్న దానికి తేమ నిలిపే కట్టు కావాలి. గాయాన్ని గాలికి వదిలేస్తే పక్కు కట్టి త్వరగా మానుతుందన్నది పాత నమ్మకం. 1962లో జార్జ్ వింటర్ అనే పరిశోధకుడు పందుల మీద చేసిన ప్రయోగంలో, పొర కప్పి తేమగా ఉంచిన గాయాల మీద కొత్త చర్మం దాదాపు రెట్టింపు వేగంగా పరుచుకుంది. అయితే మన విశాఖ ఉక్కపోతలో ఆ తేమ ఇట్టే మితిమీరుతుంది. కట్టు విప్పినప్పుడు గాయం చుట్టూ చర్మం నాని, తెల్లబడి, ముడతలు పడి ఉంటే కట్టు ఇంకా తరచుగా మార్చాలి, లేదా మరింత పీల్చేది వెయ్యాలి.

ఏ గాయమైనా మొదట రక్తం ఆపాలి. శుభ్రమైన గుడ్డతో పది నిమిషాలు గట్టిగా అదిమి పట్టండి. మధ్యలో ఎత్తి చూస్తే అప్పుడే గడ్డకడుతున్న రక్తం గుడ్డతో పాటు ఊడొస్తుంది. తడిసిపోతే దాని మీదే ఇంకో గుడ్డ వెయ్యండి. అప్పటికీ ఆగకపోయినా, రక్తం ఎగజిమ్ముతున్నా అదిమి పట్టుకునే ఆసుపత్రికి వెళ్లాలి. ఆగాక కుళాయి ధార కింద 5 నుంచి 10 నిమిషాలు కడగండి. స్పిరిట్, హైడ్రోజన్ పెరాక్సైడ్, నీళ్లు కలపని డెట్టాల్ గాయంలో పొయ్యకండి. పెరాక్సైడ్ నురగ చూసి మురికి పోతోందనుకుంటాం గానీ, గాయాన్ని మాన్పాల్సిన కణాలు కూడా దానితో చస్తాయి.

బీచ్ రోడ్డులో ఇసుక మీద స్కూటర్ జారితే మోకాలు, మోచెయ్యి దోక్కుపోతాయి. ఈ రకం గాయాలకే అందరూ తొందరపడి కట్టేస్తారు. లోపల మిగిలిన ఇసుక, తారు రేణువులు చీము పట్టిస్తాయి, మానాక నల్లని మచ్చగా చర్మం కిందే ఉండిపోతాయి. సూది తీసేసిన 20 మిల్లీలీటర్ల సిరంజిలో సెలైన్ నింపి ఒత్తిడితో చిమ్మండి. మిగిలినవి సెలైన్‌లో తడిపిన గాజ్‌తో మెల్లగా తుడిచెయ్యండి. దాని మీద పారాఫిన్ గాజ్ (గాయానికి అతుక్కోకుండా మెత్తని పారాఫిన్ పట్టించిన గాజ్) ఒక పొర, ఆపైన మామూలు గాజ్ మూడు నాలుగు మడతలు వేసి కట్టండి. దూది నేరుగా పెడితే పీచు గాయంలో అతుక్కుంటుంది. యాంటీబయాటిక్ పౌడరు చల్లితే రసితో కలిసి ముద్దకట్టి, దాని కింద ఏం జరుగుతోందో కనబడదు.

మోకాలికి టేపు వేసేటప్పుడు కాలు కొంచెం మడిచి ఉంచండి, చాపి వేస్తే నడిచినప్పుడల్లా లాగి ఊడుతుంది. చెమట పూర్తిగా తుడిచి ఆరాకే అంటించాలి. కాలి చుట్టూ టేపు పూర్తిగా తిప్పకండి, వాపు వస్తే బిగుసుకుంటుంది. మొదటి రెండు రోజులు రోజూ, రసి తగ్గాక రెండు మూడు రోజులకోసారి మార్చండి. గాజ్ అతుక్కుంటే లాగొద్దు, సెలైన్ పోసి పది నిమిషాలు నాననివ్వండి.

చెప్పు కరిచిన చోట, రసి కొద్దిగానే ఉన్న గీతలకు హైడ్రోకొల్లాయిడ్ పట్టీ (రసిని పీల్చి జిగురుగా మారే అంటుకునే పట్టీ) బాగుంటుంది. గాయం కంటే అన్ని వైపులా 2 సెంటీమీటర్లు పెద్దది తీసుకుని, అంటించాక నిమిషం పాటు అరచేతితో వెచ్చగా నొక్కిపట్టండి. దాని కింద పసుపుపచ్చని జిగురు చేరి కాస్త వాసన వస్తే చీము అనుకుని భయపడకండి, ఆ పట్టీ స్వభావమే అంత. చీము పట్టిన గాయానికి మాత్రం ఇది వెయ్యకూడదు. సముద్రపు నాచుతో చేసే ఆల్జినేట్ కట్టు బాగా కారే పుండుకే పనికొస్తుంది. ఆరిన గాయం మీద వేస్తే అతుక్కుని బాధపెడుతుంది.

కత్తిపీట కోసిన చోట అంచులు నోరు తెరుచుకుని ఉంటే ఇంట్లో కట్టు సరిపోదు. ఆరు నుంచి ఎనిమిది గంటల లోపు కుట్లు వేయించండి.

కాలినచోట 20 నిమిషాలు చల్లని కుళాయి నీళ్లు పారాలి. కాలిన మూడు గంటల లోపు మొదలుపెట్టినా మేలే. ఐసు, టూత్‌పేస్టు, ఇంకు వద్దు. ఉంగరాలు, గాజులు వెంటనే తీసేయండి, వాపు వచ్చాక రావు. బొబ్బలు చిదమకండి, పారాఫిన్ గాజ్ కప్పండి. అరచేతి కంటే పెద్ద మేర కాలినా, ముఖం, చేతులు, కీళ్లు కాలినా ఆసుపత్రికి వెళ్లాల్సిందే.

కట్టు కంటే వేరే పని ముందు చెయ్యాల్సిన గాయాలున్నాయి. ఫిషింగ్ హార్బరులో జెల్ల చేప ముల్లు గుచ్చుకుంటే నొప్పి విషం వల్ల. ముల్లు ముక్క పైకి కనబడితే తీసేసి, ఓర్చుకోగలిగినంత వేడి నీళ్లలో, 45 డిగ్రీలు మించకుండా, అరగంట నుంచి గంటన్నర ఉంచండి. వేడి ఎంతుందో గుచ్చుకోని చేతితో చూడండి. మేకైనా ముల్లయినా లోతుగా దిగిన రంధ్రాన్ని గట్టిగా మూసి కట్టొద్దు, మురికి లోపలే ఉండిపోతుంది. టీటీ వేసుకుని ఐదేళ్లు దాటితే మళ్లీ వేయించుకోండి. సముద్రపు నీళ్లలో తగిలిన గాయం గంటల్లోనే ఎర్రగా పాకుతుంటే, ముఖ్యంగా షుగర్ గానీ కాలేయ జబ్బు గానీ ఉంటే, తెల్లారేదాకా ఆగకండి.

కుక్క కరిస్తే ధార కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి, కారం, సున్నం లాంటివేవీ పెట్టకుండా, అదే రోజు రేబిస్ టీకా వేయించాలి. పళ్లు దిగి రక్తం వస్తే టీకాతో పాటు గాయంలోకి ఇమ్యునోగ్లోబులిన్ (రేబిస్‌ను వెంటనే అడ్డుకునే యాంటీబాడీల మందు) కూడా వెయ్యాలి, అది అడగండి.

షుగర్ ఉన్నవాళ్ల పాదం పుండుకు ఎంత ఖరీదైన కట్టు వేసినా, దాని మీద బరువు మోపి నడుస్తున్నంత కాలం మానదు. స్పర్శ తగ్గిన కాలికి ఆ బరువు తెలియదు. అందుకే చుట్టూ గట్టిపడిన చర్మాన్ని డాక్టరు తొలగించాక, బరువు పడకుండా చేసిన చెప్పులు వాడాలి. రోజుల తరబడి మూసి ఉంచే పట్టీలు సొంతంగా అంటించకండి. రోజూ కట్టు విప్పి అరికాలు అద్దంలో చూడండి. నలుపు, వాసన, పైకి పాకే ఎరుపు, జ్వరం, వీటిలో ఏది కనబడినా ఆ రోజే ఆసుపత్రిలో చూపించాలి, నొప్పి లేకపోయినా సరే.