సింగపూర్‌లో ఊరివాళ్లలా తినాలంటే

సింగపూర్ వెళ్లిన మనవాళ్లు చాలామంది తిండి కోసం లిటిల్ ఇండియా దాటి బయటకు రారు. అక్కడ మంచి భోజనమే దొరుకుతుంది గాని, ఆ ఊరివాళ్లు రోజూ తినేది హాకర్ సెంటర్లలో. ఒకే కప్పు కింద పదుల కొద్దీ చిన్న దుకాణాలు, వాటి మధ్య అందరికీ ఉమ్మడి బల్లలు ఉంటాయి. ఒకప్పుడు వీధుల్లో అమ్ముకునేవారిని ప్రభుత్వం 1970, 80 దశకాల్లో నీటి వసతి ఉన్న ఈ కట్టడాల్లోకి తరలించింది. 2020లో యునెస్కో ఈ సంస్కృతిని తన వారసత్వ జాబితాలో చేర్చింది.

మ్యాక్స్‌వెల్, ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ రోడ్, టియోంగ్ బారు వంటివి పేరున్నవే అయినా, మీరు బస చేసిన చోటికి దగ్గర్లో, ప్రభుత్వ అపార్ట్‌మెంట్ల నడుమ ఉన్న హాకర్ సెంటర్‌కు ముందుగా వెళ్లమని నా సలహా. మధ్యాహ్నం పన్నెండు నుంచి ఒకటిన్నర వరకు ఉద్యోగుల రద్దీ ఉంటుంది కనుక కాస్త ముందే చేరుకోవడం మేలు. ఖాళీ బల్ల మీద టిష్యూ పొట్లం కనిపిస్తే ఎవరో మరిచిపోయారనుకోకండి. ఆ చోటు తమదని చెప్పడానికి పెట్టిన గుర్తు అది, దానిని అక్కడ 'చోప్' చేయడం అంటారు. మీరూ అలాగే చోటు పట్టుకొని, ఆ తరువాత వరుసలో నిలబడవచ్చు.

కాఫీ అడగడం నేర్చుకుంటే సగం పని అయినట్లే. ఉత్త 'కోపి' అంటే గట్టి కండెన్స్‌డ్ పాలు కలిపినది, చాలా తియ్యగా ఉంటుంది. 'కోపి ఓ' అంటే పాలు లేకుండా పంచదార వేసినది. 'కోపి సి' అంటే ఎవాపరేటెడ్ పాలు, పంచదార కలిపినది. చివర 'కొసోంగ్' చేరిస్తే పంచదార వేయరు, 'సియూ దాయ్' అంటే తగ్గిస్తారు, 'పెంగ్' అంటే ఐసు వేస్తారు. మధుమేహం ఉన్నవారు 'కోపి సి కొసోంగ్' అని అడగడం మంచిది. టీకైతే 'కోపి'కి బదులు 'తే' అంటే చాలు. ఉదయం దీనితోపాటు కాయా టోస్టు (కొబ్బరిపాలు, గుడ్లు, పంచదారతో చేసిన జామ్ రాసిన రొట్టె), సోయా సాసు, మిరియాల పొడి చల్లిన సగం ఉడికిన గుడ్లు తీసుకోవాలి.

మాంసాహారులు చికెన్ రైస్‌తో మొదలుపెట్టి, కొబ్బరిపాల పులుసులో నూడుల్స్ వేసి ఇచ్చే లక్సా దాకా వెళ్లవచ్చు. శాకాహారులు మాత్రం జాగ్రత్తగా అడగాలి, ఎందుకంటే కూరగాయలు మాత్రమే కనిపించే వంటకంలో కూడా సంబల్ అనే మిరప ముద్ద ద్వారా రొయ్యల ముద్ద చేరవచ్చు. చాలా సెంటర్లలో చైనీయ బౌద్ధుల శాకాహార దుకాణం ఒకటి ఉంటుంది. అక్కడి వంటలో సాధారణంగా ఉల్లి, వెల్లుల్లి కూడా ఉండవు, కాబట్టి మడిగా తినే మన పెద్దలకు అది ఎంతో అనుకూలం. పరాటా నుంచి పుట్టిన 'ప్రాటా'ను చేపల పులుసుతో ఇచ్చే అవకాశం ఉంది కనుక, పప్పు కావాలని ముందే చెప్పాలి.

తిన్న తరువాత పళ్లేన్ని తిరిగి అరలో పెట్టడం 2021 నుంచి తప్పనిసరి. హలాల్ పాత్రలకు వేరే అర ఉంటుంది. పంది మాంసం తిన్న పళ్లెం అందులో చేరితే అక్కడి ముస్లింల మనసు నొచ్చుకుంటుంది కాబట్టి, బోర్డు చదివి మరీ పెట్టాలి.