సంఘంలో స్త్రీల పరిచర్య, లైంగికత గురించి చర్చ పెట్టాలంటే

హనుమకొండ, కాజీపేట, మహబూబాబాద్ వైపు సంఘాల నుంచి స్త్రీల మైత్రి అక్కలు, యవనస్థుల కూటం పిల్లలు ఈ మధ్య నన్ను ఒకే మాట అడుగుతున్నారు: "టీచరమ్మా, స్త్రీల పరిచర్య గురించీ, స్వలింగ సంబంధాల గురించీ మా దగ్గర చర్చ పెట్టాలని ఉంది, లొల్లి కాకుండా ఎట్ల పెట్టాలె?" నేను సి.ఎస్.ఐ. (దక్షిణ ఇండియా సంఘం) ఇంట్లో పుట్టి పెరిగినదాన్ని. సర్కారు బడిలో పనిచేసి రిటైరయ్యాను, పాస్టరేట్ కమిటీలో కూర్చున్నాను. నాకు తెలిసిన పద్ధతి రాస్తున్నాను.

మొదట ప్రశ్నను కాగితం మీద రాయండి. "స్త్రీలు నాయకత్వం చేయొచ్చా" అని పెడితే పొద్దుగూకే దాకా మాట్లాడినా తెగదు. మీ సంఘంలో నిజంగా ఆగిపోయిన పని ఏదో దాన్నే ప్రశ్నగా రాయండి. నర్సంపేట వైపు ఒక పల్లెలో ఒక అక్క ఉంది. ఆదివారం పొద్దున గుడి తాళం తీసేది, చాపలు పరిచేది, డోలక్ వాయించే పిల్లగాణ్ణి నిద్రలేపి తీసుకొచ్చేది, వాక్యం చెప్పేది అన్నీ ఆమే. ఎవరింట్లో చావైనా ముందు ఆమెకే కబురు పోతుంది. ప్రభు భోజనపు బల్ల మీద పరిచే తెల్లగుడ్డ ఉతికి, గంజి పెట్టి, మడత నలగకుండా ట్రంకు పెట్టెలో దాచేది కూడా ఆమే. ఆమెకు గురువుగా అభిషేకం లేదు గనక నెలకోసారి గురువుగారు బండి మీద వచ్చి సంస్కారం ఇచ్చి వెళ్తారు. వాగు పొంగిందంటే ఆ నెల బల్ల లేనట్టే. ఆ ఊరికి ప్రశ్న ఇట్లా రాయాలి: "ఈమెను వేదాంత కళాశాలకు పంపి, అభిషేకానికి సిఫారసు చేస్తూ మన సంఘం సంతకం పెడుతుందా?" దీనికి ఔననో కాదనో చెప్పక తప్పదు. కాదన్నవాళ్ళు ఆమె ముఖం చూసి కారణం చెప్పాల్సి వస్తుంది. ప్రశ్న ఇంత దగ్గరగా ఉంటేనే మనుషులు జాగ్రత్తగా మాట్లాడతారు.

తర్వాత, ఆ ప్రశ్న తేల్చే అధికారం ఎవరిదో కనుక్కోండి. ఇది చూసుకోక సగం చర్చలు గాలికి పోతున్నాయి. సి.ఎస్.ఐ.లో స్త్రీల అభిషేకం ఎప్పుడో తేలిన విషయం. 2013లో నంద్యాల డయాసిస్‌కు (ఒక బిషప్పు కింద ఉండే సంఘాల మండలానికి) ఎగ్గోని పుష్పలలిత గారు బిషప్పు అయ్యారు, సి.ఎస్.ఐ.లో ఆ పదవికి వచ్చిన మొదటి స్త్రీ ఆమె. కాబట్టి సి.ఎస్.ఐ. సంఘంలో కూర్చుని "ఇది వాక్యానుసారమా" అని మొదటి నుంచి తవ్వనక్కర లేదు. మన ఊరి నుంచి ఒక్క ఆడపిల్ల పేరు కూడా ఎందుకు పోలేదని అడగండి. బాప్తిస్టు సంఘాల్లో పాస్టరును పిలుచుకునేది స్థానిక సంఘమే గనక జనరల్ బాడీలో నేరుగా పెట్టొచ్చు. అక్కడ ఒక మాట వస్తుంది: "అమెరికా బాప్తిస్టులే వద్దంటున్నారు గదా" అని. పాస్టరు పదవి పురుషులకే అని 2000లో తమ విశ్వాస ప్రకటనలో రాసుకున్నది సదరన్ బాప్తిస్టులు. వాళ్ళు బానిసత్వం మీద తగువు పెట్టుకుని 1845లోనే విడిపోయిన వర్గం. నెల్లూరు మీదుగా మన తెలుగువాళ్ళ దగ్గరికి వచ్చిన మిషను వాళ్ళది కాదు, స్త్రీలకు అభిషేకం ఇచ్చే అమెరికన్ బాప్తిస్టులది. కథోలికుల సంగతి వేరు. స్త్రీలకు గురుపట్టం ఇచ్చే అధికారం తిరుసభకు లేదని 1994లో పోప్ రెండో జాన్ పాల్ రాశారు, ఫాతిమానగర్ విచారణలో (పారిష్‌లో) కూర్చుని దాన్ని మార్చలేం. కానీ పూజలో పఠనాలు చదివే పరిచర్యనూ పీఠం దగ్గర సేవనూ 2021లో పోప్ ఫ్రాన్సిస్ స్త్రీలకు అధికారికంగా తెరిచారు. అవి మీ విచారణలో ఎంతవరకు అమలవుతున్నాయో అడగొచ్చు. ఇక ఒక్క పాస్టరు గారే స్థాపించి నడిపే స్వతంత్ర సంఘాల్లో చర్చకు ముందే ఆయన ఇంటికి వెళ్ళి కూర్చుని మాట్లాడండి. నలుగురిలో అడిగితే ఆయనకు వెనక్కి తగ్గే దారి ఉండదు.

స్త్రీల పరిచర్యనూ లైంగికతనూ ఒకే రోజు పెట్టకండి. "ఇయ్యాల ఆడోళ్ళను బల్ల దగ్గర నిలబెడితే రేపు గదీ వస్తది" అని ఒక పెద్దాయన తప్పకుండా అంటారు. ఆయనకు కోపంగా జవాబివ్వొద్దు, ఉన్న సంగతి చెప్పండి. రక్షణ సైన్యం (సాల్వేషన్ ఆర్మీ) అనే సంఘంలో మొదటి నుంచీ స్త్రీలు అధికారులు. అమెరికాలో అసెంబ్లీస్ ఆఫ్ గాడ్ అనే పెంతెకొస్తు సంఘం వాళ్ళు స్త్రీలకు అభిషేకం ఇస్తారు. స్వలింగ సంబంధాల విషయంలో ఈ సంఘాలేవీ తమ పాత బోధ మార్చుకోలేదు. ఒకటి ఒప్పుకుంటే రెండోది దానంతట అదే వస్తుందనడానికి ఆధారం లేదు. పైగా రెండూ కలిపితే రెండో విషయం మీదున్న భయం మొత్తం మొదటిదాన్ని మింగేస్తుంది, ఆ పల్లె అక్క సిఫారసు మళ్ళీ పెట్టెలోకే పోతుంది.

వాక్యాన్ని ముక్కలుగా కాకుండా అధ్యాయాలుగా చదివించండి. ఒకటో తిమోతి రెండో అధ్యాయం తప్పకుండా చదవాలి, దాచిపెట్టి నెగ్గాలని చూడొద్దు. దాని పక్కనే రోమా పదహారు. సంఘంలో అందరికన్నా పెద్దావిడతో చదివిస్తే మంచిది. ఫీబే, ప్రిస్కిల్ల, మరియ, యూనీయ, త్రుఫైనా, త్రుఫోసా, పెర్సిసు అని పేర్లు ఒక్కొక్కటే వస్తుంటే కూర్చున్న ఆడవాళ్ళు తలెత్తి వింటారు, నేను చూశాను. ఆ తర్వాత ఒకటో కొరింథీ పదకొండూ పద్నాలుగూ ఒకే కూటంలో చదవండి. పద్నాలుగులో స్త్రీలు సంఘంలో మౌనంగా ఉండాలని ఉంది. పదకొండులో ప్రార్థన చేసే, ప్రవచించే స్త్రీ తల కప్పుకోవాలని ఉంది. మన సంఘాల్లో కొంగు కప్పుకోని కోడలిని అక్కడికక్కడే కసిరే పెద్దలున్నారు. కొంగు గురించి చెప్పిన ఆ మాట ఎవరి కోసం? నోరు తెరిచి ప్రవచిస్తున్న స్త్రీ కోసం. కొంగును మాత్రం పట్టుకుని ప్రవచనాన్ని వదిలేశాం. ఈ సంగతి నేను ఎక్కడ చెప్పినా ఎదురువాదం వస్తుంది, రావాలి కూడా. పౌలు ఏ ఊరి గొడవను బట్టి ఏది రాశాడు, ఏది అందరికీ ఎప్పటికీ వర్తిస్తుంది అన్న అసలు చర్చ అక్కడే మొదలవుతుంది.

వేళ ఎప్పుడు పెడతారన్నది చిన్న సంగతి అనుకోకండి. ఆరాధన అయ్యాక పెడితే మగవాళ్ళు కుర్చీల్లో ఉంటారు, ఆడవాళ్ళు వంటకు పోతారు. పత్తి ఏరే రోజుల్లో, మిరపతోటల పని ఉన్నప్పుడు పల్లె సంఘాల్లో అసలు పెట్టొద్దు. స్త్రీల మైత్రిలో ముందు విడిగా ఒకసారి మాట్లాడుకోండి. అత్త ముందు కోడలు మాట్లాడదు, అది మనందరికీ తెలిసిందే. అక్కడ వచ్చిన మాటలను పేర్లు లేకుండా ఒకరు రాసుకుని పెద్ద కూటంలో చదవాలి. మైకు ముందు ఆడవాళ్ళ వైపు తిప్పండి. గురువుగారు చివర మాట్లాడాలి. ఆయన ముందే తేల్చేస్తే "అయ్యగారు చెప్పినంక ఇగ మేమేం జెప్తం" అని అందరూ చేతులు కట్టుకుంటారు.

లైంగికత గురించి పెట్టే కూటానికి ఇంకా గట్టి కట్టుబాట్లు కావాలి. మీ ఎదురుగా కూర్చున్నవాళ్ళలో ఈ విషయం తన జీవితమే అయిన మనిషి ఉండి ఉంటారు, ఎవరో మీకు తెలియదు. ఆ మనిషి వింటున్నారనుకుని ప్రతి మాటా మాట్లాడాలి. ఎవరి పేరూ తీయకూడదు, "ఫలానా వాళ్ళ కొడుకు" అని సైగ కూడా చేయకూడదు. ఎవరినీ సాక్ష్యం చెప్పమని లేపకూడదు. ఎగతాళి చేసినా, చప్పట్లు కొట్టి చూపించినా ఆ కూటాన్ని అక్కడే ఆపేయండి. దయ్యం పట్టిందని తల మీద చేతులు పెట్టి ఒత్తడం, ఉపవాసం పేరుతో పిల్లలను గదిలో ఉంచడం ఎట్టి పరిస్థితిలోనూ జరగనివ్వొద్దు. మార్చేస్తామంటూ చేసే చికిత్సలను వైద్యులు చేస్తే అది వృత్తిపరమైన తప్పిదమని జాతీయ వైద్య కమిషన్ 2022లోనే చెప్పింది. డాక్టరు చేయకూడనిది ప్రార్థన పేరుతో మనం చేయడమేంటి?

కూటం అయిపోయాక ఒక తల్లి మీ దగ్గరికి వస్తుంది. చెప్పుల దగ్గర ఆగి, అందరూ పోయేదాకా చూసి, "నా బిడ్డ కూడా గట్లనే" అంటుంది. అప్పుడు వాక్యం తీయకండి. "బిడ్డ ఎక్కడుంటున్నడమ్మా? ఫోన్ చేస్తున్నడా? తింటున్నడా?" అని అడగండి. ఆమె భయం ముందు అదే. పిల్లలు చచ్చిపోవాలన్నట్టు మాట్లాడుతున్నారంటే 14416కు ఫోన్ చేయించండి, అది ప్రభుత్వం నడిపే టెలి మానస్ సేవ, తెలుగులో మాట్లాడతారు. ఆమె చెప్పిన మాట మీ భర్తకు కూడా చెప్పొద్దు.

కూటంలో వాట్సాప్‌లో తిరిగే మాటలు వస్తాయి గనక కొన్ని సంగతులు చేతిలో ఉంచుకోండి. 2018లో సుప్రీంకోర్టు 377వ సెక్షన్ విషయంలో చెప్పింది, ఇష్టపడ్డ మేజర్ల మధ్య స్వలింగ సంబంధం నేరం కాదని. గుళ్ళో ఏం చేయాలో కోర్టు చెప్పలేదు. 2023 అక్టోబరు తీర్పులో స్వలింగ వివాహానికి చట్టబద్ధత ఇవ్వలేదు, కాబట్టి "ఇగ మనతోని బలవంతంగా పెండ్లిళ్ళు చేపిస్తరు" అన్న భయానికి తావు లేదు. ట్రాన్స్‌జెండర్ల గుర్తింపును, హక్కులను కోర్టు 2014లోనే ఒప్పుకుంది. బయటి సభల సంగతికొస్తే, 2003లో అమెరికాలో, తాను గే అని బాహాటంగా చెప్పుకున్న జీన్ రాబిన్సన్ బిషప్పు అయ్యాక ఆంగ్లికన్ సభల (ఇంగ్లండ్ సభ కుటుంబం) మధ్య వచ్చిన చీలిక ఇప్పటికీ పూడలేదు. ఇంగ్లండ్ సభ 2023 చివరి నుంచి స్వలింగ జంటల కోసం ప్రార్థనలు చేయనిస్తోంది, పెళ్ళి మాత్రం చేయదు. అమెరికా యునైటెడ్ మెథడిస్టులు 2024లో గే సేవకుల అభిషేకం మీద ఉన్న నిషేధం తీసేశారు. మన దేశపు మెథడిస్టు సంఘం 1981 నుంచే స్వతంత్రం, ఆ తీర్మానం ఇక్కడ చెల్లదు.

లేవీయకాండం పద్దెనిమిది, రోమా ఒకటి, ఒకటో కొరింథీ ఆరు చదివినప్పుడు యెషయా యాభై ఆరు, అపొస్తలుల కార్యములు ఎనిమిది కూడా చదవండి. నపుంసకులకు తన ఇంట్లో పేరు పెడతానని దేవుడు అన్న అధ్యాయం ఒకటి. ఐతియొపీయుడైన నపుంసకుడు నీళ్ళు చూపించి, నాకు బాప్తిస్మానికి అడ్డేమిటని అడిగితే ఫిలిప్పు అతనితో పాటు నీళ్ళలోకి దిగిన అధ్యాయం ఇంకొకటి. ఇవి స్వలింగ సంబంధాల ప్రశ్నను తేల్చవు, అట్లా వాడితే అవతలివాళ్ళు సరిగ్గానే తప్పు పడతారు. కానీ మన గుమ్మం దగ్గర నిలబడ్డ హిజ్రా చెల్లెకు చాప మీద చోటు, బల్ల దగ్గర చోటు ఇవ్వాలా అన్నదాన్ని తేలుస్తాయి. నాయకత్వం విషయంలో కూడా నా మనసు ఇదే: నమ్మకంగా సేవ చేసే మనిషిని లైంగికత అన్న ఈ ఒక్క కారణంతో పక్కన పెట్టకూడదు. మా సంఘంలో ఎక్కువమంది ఇందుకు ఒప్పుకోరు. వాళ్ళతో కలిసే నేను పాట పాడతాను, వాళ్ళ ఇళ్ళల్లో అన్నం తింటాను, ఈ మాట మాత్రం మానను.

అదే రోజు ఓటు పెట్టకండి. మినిట్స్ పుస్తకంలో "చర్చ జరిగినది" అని ఒక్క వాక్యం రాసి ఊరుకోనివ్వొద్దు. ఒప్పుకున్నవి ఒక పేజీ, ఒప్పుకోనివి కారణాలతో ఒక పేజీ. లైంగికత కూటానికి మాత్రం హాజరు పట్టీ వద్దు, ఎవరు ఏమన్నారన్నదీ వద్దు. స్త్రీల పరిచర్య కూటం ముగిసేలోపు సిఫారసు ఉత్తరం ఎవరు రాస్తారు, ఏ తారీఖులోపు డయాసిస్ ఆఫీసుకు ఎవరు పట్టుకుపోతారు అన్నవి పేర్లతో రాయించండి. ఆ ఉత్తరం నకలు ఒకటి ఆ అక్క చేతికి ఇవ్వండి, ఆఫీసులో స్టాంపు వేయించాకే.