కడుపు క్యాన్సర్ ఆపరేషన్ అయ్యాక ఇంట్లో వచ్చే ఇబ్బందులు: ఎందుకు వస్తాయి, ఏం చేయాలి

డిశ్చార్జి అయ్యాక ఇంట్లోవాళ్ళకు అసలు టెన్షన్ మొదటి భోజనంతో మొదలవుతుంది. జీర్ణాశయాన్ని కొంత తీసినా, మొత్తం తీసినా, తిన్నదాన్ని నిలవ ఉంచి కొద్దికొద్దిగా పేగులోకి వదిలే ఏర్పాటు ఇక సరిగా ఉండదు. చాలా ఇబ్బందులకు మూలం అదే.

తిన్న 10-30 నిమిషాల్లో గుండెదడ, చెమట, కడుపులో మెలిపెట్టడం, విరేచనం
దీన్ని డంపింగ్ అంటారు. ఆహారం, ముఖ్యంగా తీపి, ఒక్కసారిగా చిన్నపేగులోకి దిగి ఒంట్లోని నీటిని అక్కడికి లాగుతుంది. చూడడానికి వచ్చినవాళ్ళు ప్రేమతో తాగించే గ్లూకోజ్ నీళ్ళు, పళ్ళరసాలు ఇప్పుడు వద్దనే చెప్పండి. మూడు పూటల తిండిని 6-8 సార్లుగా విడగొట్టి, బాగా నమిలి తిననివ్వండి. నీళ్ళు, మజ్జిగ తినే అరగంట ముందో తర్వాతో ఇవ్వండి. తిన్నాక కాసేపు వెనక్కి ఆనుకుని కూర్చుంటే మంచిది.

తిన్న 1-3 గంటలకు వణుకు, చెమటలు, కళ్ళు తిరగడం
ఇన్సులిన్ ఎక్కువగా విడుదలై షుగర్ పడిపోతుంది. వెంటనే మూడు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి ఇచ్చి, తేరుకున్నాక గుడ్డో పెరుగో పెట్టండి. ఇది మళ్ళీ మళ్ళీ వస్తుంటే డాక్టర్‌కి చెప్పాలి. షుగర్ మందులు వాడేవారైతే మోతాదు తప్పకుండా అడగండి.

రాత్రి నోట్లోకి చేదు పసరు రావడం
జీర్ణాశయం మొత్తం తీసినవారికి పైకి వచ్చేది ఎక్కువగా పైత్యరసమే, అందుకే మామూలు గ్యాస్ మాత్రతో తగ్గదు. మంచం తలవైపు ఎత్తు పెట్టండి. పడుకునే 2-3 గంటల ముందే తినడం అయిపోవాలి.

బరువు తగ్గడం, కుట్లు త్వరగా మానకపోవడం
మొదటి నెలల్లో బరువు తగ్గడం చాలామందిలో ఉంటుంది. కానీ మన ఇళ్ళలో పథ్యం పేరుతో దాన్ని ఇంకా పెంచుతున్నాం. పప్పు తింటే కుట్లకు చీము పడుతుందని పెద్దవాళ్ళు ఆపేస్తారు. చీము పట్టేది ఇన్ఫెక్షన్ వల్ల. గాయం మానాలంటే ప్రోటీన్ కావాలి. డాక్టర్ వద్దనకపోతే మెత్తగా ఉడికిన పప్పు, గుడ్డు, చేప, పెరుగు పెట్టండి. వారానికోసారి బరువు చూసి రాసిపెట్టండి.

చాలాకాలం తర్వాత అరికాళ్ళ తిమ్మిరి, ఆయాసం
బి12 ఒంటబట్టడానికి కావాల్సిన పదార్థం జీర్ణాశయంలోనే తయారవుతుంది. కాలేయంలోని నిల్వ కొన్నేళ్ళు ఆదుకుంటుంది కాబట్టి లోటు ఆలస్యంగా బయటపడుతుంది. మొత్తం తీసినవారికి సాధారణంగా జీవితాంతం బి12 ఇంజెక్షన్లు కావాలి. బాగానే ఉన్నాం కదా అని మానేయకండి. ఐరన్ కూడా తగ్గుతుంది, రక్తపరీక్ష చేయించండి.

ఫీడింగ్ ట్యూబ్ (ఆహారాన్ని నేరుగా పేగులోకి పంపే గొట్టం) మూసుకుపోతే
సిరంజితో గోరువెచ్చని నీళ్ళు మెల్లగా పంపండి. బలంగా నొక్కొద్దు, తీగ దూర్చొద్దు. ట్యూబ్ ఊడొస్తే వెంటనే ఆస్పత్రికి వెళ్ళండి, ఆ దారి గంటల్లోనే పూడుకుపోవచ్చు.

ఇంట్లో ఆగకూడనివి
100.4 డిగ్రీలు, ఆపైన జ్వరం, కుట్ల దగ్గర చీము, పెరిగే కడుపునొప్పి, మంచినీళ్ళు కూడా నిలవనంత వాంతులు, నల్లటి విరేచనం, ఒక కాలు వాపు, ఊపిరాడకపోవడం. అర్ధరాత్రైనా బయల్దేరండి. ముద్ద గొంతు కింద అడ్డుపడినట్టు రోజూ అనిపిస్తుంటే ఆపరేషన్‌లో కలిపి కుట్టిన చోట దారి ఇరుకైందేమో చూడాలి. అదే అయితే ఎండోస్కోపీతో (నోటి ద్వారా కెమెరా గొట్టం పంపి) వెడల్పు చేస్తారు.