ఈటర్‌పార్స్ వాడినా ర్యామ్ నిండిపోతుంటే

సమస్య: పెద్ద ఎక్స్ఎంఎల్ ఫైల్ మొత్తం ఒకేసారి మెమరీలోకి రాకూడదనే పైథాన్‌తో వచ్చే ఎక్స్ఎంఎల్ లైబ్రరీ ఎలిమెంట్‌ట్రీలో, ఫైల్ మొత్తాన్ని ఒకేసారి చదివే పార్స్ బదులు కొంచెం కొంచెంగా చదివే ఈటర్‌పార్స్ వాడారు. అయినా ర్యామ్ పెరుగుతూనే ఉంది. లినక్స్‌లో అయితే చివరికి 'కిల్డ్' అన్న ఒక్క మాట కనిపించి ప్రోగ్రామ్ ఆగిపోతుంది.

ముందు తప్పు ఎక్కడుందో పట్టుకోవాలి. మెమరీ కోడ్‌లో ఎక్కడ ఖర్చవుతోందో చూపే ట్రేస్‌మాలాక్ మాడ్యూల్ పైథాన్ 3.4 నుంచి దాని లైబ్రరీలోనే ఉంది. పది వేల రికార్డులయ్యాక ఒక స్నాప్‌షాట్ (ఆ క్షణంలో మెమరీ లెక్క), ఇరవై వేలయ్యాక ఇంకొకటి తీసి పోల్చండి. ఇక్కడే చాలామంది పొరబడతారు. ట్రేస్‌మాలాక్ మామూలుగా ఒక్క ఫ్రేమే, అంటే మెమరీ అడిగిన చివరి ఒక్క లైనే, గుర్తుపెట్టుకుంటుంది కాబట్టి పైన లైబ్రరీ ఫైల్ పేరే కనిపిస్తుంది, బగ్ అక్కడే ఉందనిపిస్తుంది. ట్రేస్‌మాలాక్ స్టార్ట్ ఫంక్షన్‌కి 25 ఇచ్చి ట్రేస్‌బ్యాక్ (ఏ లైన్ దేన్ని పిలిచిందన్న వరస) వారీగా పోలిస్తే మన ఫర్ లూప్ లైన్ బయటపడుతుంది.

కారణం: ఈటర్‌పార్స్ ఫైల్‌ని ముక్కలుగానే చదువుతుంది. కానీ చదివిన ప్రతి ఎలిమెంట్‌నీ దాని పేరెంట్‌కి తగిలిస్తూ పూర్తి ట్రీ కడుతూ పోతుంది. లూప్‌లో మీరు వదిలేసినా ట్రీలో అన్నిటికంటే పైనున్న ఎలిమెంట్, అంటే రూట్, వదలదు.

పరిష్కారం: రికార్డు ఎండ్ ఈవెంట్ (దాని ముగింపు ట్యాగ్ చదివామన్న సూచన) రాగానే కావలసిన విలువలు తీసుకుని ఆ ఎలిమెంట్‌ని క్లియర్ చేయమని చాలాచోట్ల చెబుతారు. అది సగం పనే. లోపలి సరుకు పోతుంది గానీ ఖాళీ ఎలిమెంట్లు లక్షల కొద్దీ రూట్ కింద వేలాడుతూనే ఉంటాయి. అందుకే స్టార్ట్, ఎండ్ ఈవెంట్లు రెండూ అడగండి. మొట్టమొదటి స్టార్ట్‌తో వచ్చేది రూట్, దాన్ని ఒక వేరియబుల్‌లో ఉంచుకుని ప్రతి రికార్డు చివర రూట్‌నే క్లియర్ చేయండి. రికార్డులు రూట్ కింద కాక మధ్యలో ఇంకో ట్యాగ్ లోపల ఉంటే ఆ ట్యాగ్‌ని క్లియర్ చేయాలి. రూట్ ఆట్రిబ్యూట్లు కావాలంటే ముందే చదివేసుకోండి, క్లియర్‌తో అవీ పోతాయి.

ప్రతి ఎండ్‌కీ క్లియర్ పెట్టకండి. అలా చేస్తే రికార్డు పూర్తయ్యేసరికి దాని పిల్లల్లోని టెక్స్ట్ ముందే చెరిగిపోయి ఉంటుంది.

ఇంకా పెరుగుతోందా? ట్యాగ్ పేరు ప్రింట్ చేసి చూడండి. ఫైల్‌లో నేమ్‌స్పేస్ (ట్యాగ్ పేర్లు ఏ కోవవో చెప్పే గుర్తు) ఉంటే పేరు ముందు మీసాల బ్రాకెట్లలో దాని యూఆర్ఐ వస్తుంది. మీ ఇఫ్‌లో ఉత్త పేరే రాస్తే ఆ షరతు ఎప్పటికీ కుదరదు, క్లియర్ ఒక్కసారీ నడవదు. ఎలిమెంట్‌నే లిస్ట్‌లో దాచుకున్నా ఇదే ఇబ్బంది, అందులోని టెక్స్ట్ మాత్రం దాచుకోండి.

సరిచేశాక ర్యామ్ దిగకపోయినా కంగారుపడకండి. ఖాళీ అయిన మెమరీని పైథాన్ వెంటనే సిస్టమ్‌కి ఇచ్చేయకపోవచ్చు. రికార్డులు ఎన్ని చదివినా ర్యామ్ వాడకం ఒకే మట్టంలో నిలిస్తే చాలు. తర్వాత ట్రేస్‌మాలాక్ తీసేయండి, అది ఉన్నంతసేపు ప్రోగ్రామ్ నెమ్మదిస్తుంది.