లారీ బ్రీదర్ పైపు ఆయిల్ కక్కుతుంటే

ఇంజన్ లోపలి గ్యాస్‌ని బయటికి వదిలే ఈ పైపు చివర గుడ్డ కుక్కడం మాత్రం వద్దు. పిస్టన్ రింగుల పక్కనుంచి కిందికి దిగే గ్యాస్‌కి దారి మూసుకుపోతే క్రాంక్ సీల్ కారుతుంది, డిప్‌స్టిక్ పైకి తన్నుకొస్తుంది, టర్బో నుంచి దిగాల్సిన ఆయిల్ కూడా ఆగుతుంది.

ముందు డిప్‌స్టిక్ చూడండి. పై గీత దాటి పోసి ఉంటే అసలు గొడవ అదే కావచ్చు. బ్రీదర్‌లోని ఇనుప జాలీని డీజిల్‌లో కడిగి ఆరబెట్టండి. కాగితం ఎలిమెంట్ అయితే కడగొద్దు, మార్చేయాలి.

అప్పటికీ కారితే ఆ ఆయిల్ పట్టడానికి రెండు లీటర్ల డబ్బా ఛాసిస్‌కి బిగించండి. బ్రీదర్ నుంచి డబ్బాలోకి వచ్చే గొట్టం, డబ్బా నుంచి పోయే గొట్టం రెండూ పాత పైపు లావే ఉండాలి. లోపల గిన్నెలు తోమే స్టీలు పీచు వదులుగా పెడితే, పొగలోని ఆయిల్ దానికి అంటి చుక్కలుగా దిగుతుంది. (బ్రీదర్ టర్బో ముందు గొట్టంలో కలిసే బండికి ఈ పీచు వద్దు, పీచు ముక్క టర్బోలోకి పోతుంది.) గొట్టం డబ్బా దాకా వాలుగానే దిగాలి. మధ్యలో వేలాడితే ఆ గుంటలో ఆయిల్ నిలిచి దారి మూస్తుంది. డబ్బా అడుగున కాక్ (చిన్న కుళాయి) పెట్టి వారానికోసారి వంపేయండి. ఆ ఆయిల్‌లో నీళ్లుంటాయి, మళ్లీ ఇంజన్లో పోయొద్దు.

ఐడిల్‌లో ఆయిల్ పోసే మూత విప్పి ఊరికే పైన ఆనిస్తే ఎగిరిపడుతోందా? రింగులు, లైనర్లు చూపించుకోండి, డబ్బాతో ఆగదు.