తరగతి గదిలో సిల్వర్ నైట్రేట్: కలపడం, వాడడం, పారబోయకుండా దాచడం

సిల్వర్ నైట్రేట్ ఖరీదైన రసాయనం కనుక దీనితో చేసే ప్రయోగాలను చుక్కల లెక్కన చేయించడమే మేలు. 1.7 గ్రాముల లవణాన్ని స్వేదనజలంలో కరిగించి, మొత్తం 100 మి.లీ. అయ్యేలా నీరు కలిపితే 0.1 మోలార్ ద్రావణం తయారవుతుంది. గుణాత్మక పరీక్షలకు అందులో సగం గాఢత కూడా సరిపోతుంది. కుళాయి నీటిలో కరిగిస్తే అందులోని క్లోరైడ్ వల్ల ద్రావణం అప్పుడే పాలలా మారిపోతుంది. ద్రావణాన్ని గోధుమరంగు సీసాలో, వెలుతురు సోకని చోట ఉంచాలి. చర్మం మీద పడిన చుక్క వెంటనే కనబడదు గాని, కాసేపటికి నల్లమచ్చగా తేలి కొన్ని రోజుల దాకా వదలదు. అందువల్ల చేతి తొడుగులు, కంటి అద్దాలు తప్పనిసరి.

అన్నిటికంటే ఎక్కువగా ఉపయోగపడేది హాలైడ్ పరీక్ష, అంటే లవణంలో క్లోరైడ్, బ్రోమైడ్, అయోడైడ్‌లలో ఏది ఉందో గుర్తించడం. పరీక్షనాళికలో లవణ ద్రావణం తీసుకొని, ముందుగా సజల నైట్రిక్ ఆమ్లం కలిపి, ఆ తరువాతే రెండు మూడు చుక్కల సిల్వర్ నైట్రేట్ వేయాలి. ఈ క్రమాన్ని విద్యార్థులు తరచూ తారుమారు చేస్తారు. ఆమ్లం లేకపోతే కార్బొనేట్ కూడా అవక్షేపాన్నిచ్చి (కరగని ఘనపదార్థంగా విడిపడి) తప్పుదారి పట్టిస్తుంది. నైట్రిక్ బదులు హైడ్రోక్లోరిక్ ఆమ్లం వాడితే ఆమ్లంలోని క్లోరైడే అవక్షేపిస్తుంది. క్లోరైడ్ పెరుగులాంటి తెల్లని అవక్షేపాన్ని, బ్రోమైడ్ మీగడ రంగు అవక్షేపాన్ని, అయోడైడ్ పసుపు అవక్షేపాన్ని ఇస్తాయి. మొదటి రెండింటినీ కంటితో వేరుచేయడం కష్టం కనుక అమ్మోనియానే నమ్మాలి: సిల్వర్ క్లోరైడ్ సజల అమ్మోనియాలోనే కరుగుతుంది, బ్రోమైడ్‌కు గాఢ అమ్మోనియా కావాలి, అయోడైడ్ దేనికీ లొంగదు. ఊరి బోరు నీటిని ఇదే పద్ధతిలో స్వేదనజలంతో పోల్చి చూపితే పిల్లలకు ఆసక్తి పెరుగుతుంది.

మిగిలిన సిల్వర్ క్లోరైడ్‌ను వడపోత కాగితంపై పరిచి, సగభాగాన్ని నల్లకాగితంతో కప్పి ఎండలో ఉంచితే, కప్పని భాగం ఊదా బూడిదరంగుకు తిరుగుతుంది. రాగితీగను 0.1 మోలార్ ద్రావణంలో కదపకుండా ఉంచితే వెండి స్ఫటికాలు దానిపై పేరుకొని, ద్రావణం క్రమంగా నీలిరంగు పొందుతుంది.

టోలెన్స్ కారకాన్ని (ఆల్డిహైడ్‌ల పరీక్షకు వాడే, అమ్మోనియా కలిపిన సిల్వర్ నైట్రేట్ ద్రావణాన్ని) మాత్రం అవసరమైనప్పుడే కలిపి, వాడిన వెంటనే సజల ఆమ్లంతో నిర్వీర్యం చేయాలి. నిల్వ ఉంచితే పేలే పదార్థాలు ఏర్పడతాయి. ఇలా ఆమ్లం కలిపిన వ్యర్థాలతో సహా వెండి ద్రావణాలన్నిటినీ తొట్టిలో పోయకుండా ఒక జాడీలో చేర్చి, ఉప్పునీరు కలిపి, అడుగున దిగిన సిల్వర్ క్లోరైడ్‌ను వడపోసి, చీటీ అంటించిన సీసాలో భద్రపరచాలి.