ఫ్రెంచి మహాగని సొరుగుల బల్ల: పాతదేనా?

సమస్య: బల్ల పదహారవ లూయీ (1774-1792) కాలపు శైలిలో ఉంది, పైన పాలరాయి పలక, ఇత్తడి పట్టీలు ఉన్నాయి, అయినా అమ్మకందారు చెప్పే వయసు నమ్మబుద్ధి కావడం లేదు. (ఫ్రెంచిలో దీని పేరు కమోడ్, మన ఇళ్లలో ఆ మాట ఏ గదికి చెందినదో తెలిసిందే.)

ముందుగా సొరుగును పూర్తిగా బయటికి లాగి తిరగేసి చూడాలి. ముందువైపు ఫొటోలు ఇరవై తీసి వయసు చెప్పమని అడిగేవారు ఈ ఒక్క పనీ చేయరు. మూలల్లో అతుకుల పళ్లు ఒకదానికొకటి కొద్దిగా తేడాగా ఉండి, వాటి మొదట్లో గుర్తుకోసం గీసిన గీత కనబడితే అది చేతిపని. అడుగు చెక్క మీద విల్లులా వంగిన గాట్లు వరుసగా ఉంటే అది గుండ్రటి యంత్రపు రంపం కోసిన చెక్క, కాబట్టి ఆ బల్ల 19వ శతాబ్దంలోనో ఆ తర్వాతో పాత శైలిలో చేసినది అయి ఉంటుంది. ముందుపలక లోపలివైపు పూడ్చిన కన్నాలుంటే పిడులు మార్చారన్నమాట. అది మోసం కాదు, బేరమాడడానికి కారణం.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా నేను నష్టపోయిన చోటు వేరే ఉంది: లోపలి ఓక్ చట్రం నిజంగా పాతదే, దాని మీది మహాగని వెనీర్ (పైన అతికించే పల్చటి చెక్క పొర) మాత్రం చాలాకాలం తర్వాత అతికించినది. ఓక్ పలకలు ఏళ్ల తరబడి ఎండుతూ అడ్డంగా కుంచించుకుపోయి, కలిపిన చోట విడిపోతాయి. వెనీర్ మొదటినుంచీ ఉన్నదైతే అది కూడా అదే గీత వెంట చీలి ఉండాలి, లేదా ఆ చీలికను పూడ్చిన జాడ ఉండాలి. నేను కొన్న బల్ల పక్కపలకకు లోపలివైపు గోరు దూరేంత పగులు ఉంది, సరిగ్గా దాని వెనుక బయటివైపు అద్దంలా నునుపుగా ఉంది, ఆ రెండింటినీ కలిపి చూడాలన్న ఆలోచనే ఆ రోజు నాకు రాలేదు. వెనీర్ మందం కూడా అంచుల దగ్గర చూడండి: చేతిరంపపు వెనీర్ సాధారణంగా ఒక మిల్లీమీటరుకు మించి ఉంటుంది, యంత్రం తీసినది అంతకన్నా పల్చన. అయితే పదేపదే గరుకు కాగితం రుద్దినా పాత వెనీర్ పల్చబడుతుంది గనుక, మందం ఒక్కటే చూసి తీర్పు చెప్పవద్దు.

పాలరాయి ఎత్తితే చట్రం మీద తయారుచేసిన వడ్రంగి ముద్ర కనబడవచ్చు. దొంగముద్రలు కొట్టినవారూ ఉన్నారు కాబట్టి దాన్ని అన్నిటికన్నా చివర లెక్కలోకి తీసుకోండి. పురుగు కన్నాలను డ్రిల్లుతో సృష్టించడం అరుదు, దానికోసం సమయం వృథా చేయకండి.

పరిష్కారం: వెనీర్ తర్వాతిదని తేలితే చట్రం వయసుకు కాకుండా వెనీర్ వయసుకు తగ్గ ధర ఇవ్వండి. వెనీర్ లేచిన చోట జంతువుల తోలు నుంచి తీసే జిగురునే వేడిచేసి వాడండి. అది తడికీ వేడికీ మళ్లీ ఊడివస్తుంది కనుక తర్వాత మరమ్మతు చేసేవారికి చెక్క చిరగదు.